దస్త్రముల కొక పటము

కర్నూలునుండి కడపకు పోవు రహదారిపై చాగలమర్రికిని మైదుకూరునకును నడుమ దువ్వూరు కలదు. అట్టి గ్రామములలో ఒక చేనును గూర్చిన వ్రాత యెచ్చట నున్నదని పూర్వము అడిగినచో, కరణముగారి దస్త్రములో నున్నదని చెప్పెడివారు. గ్రామపటమును పరచి, చేనిపై వేసిన సర్వే నంబరును చూచి, ఆ నంబరును బట్టి అడంగలులో పుటను తీసెడివారు. దస్త్రము ఒక్కరి చేతిలో నుండుటవలన రైతునకు కష్టములు లేకపోలేదు. కాని పటము మాత్రము ఊరినంతను ఒక్క చూపులో చూపెడిది.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణముల వ్యవస్థ రద్దయినది. 2015లో మీభూమి అను సాధనము వచ్చి అడంగలును కంప్యూటరులోనే చూచుకొను వీలు కల్పించినది. అందు మొదట జిల్లాను, పిమ్మట మండలమును, ఆపై గ్రామమును ఎన్నుకొని, తుదకు సర్వే నంబరును చెప్పవలెను. కొమ్మనుండి రెమ్మకు, రెమ్మనుండి ఆకునకు పోవుటవంటిది ఈ వరుస.

కంప్యూటరులోని ఫైళ్లును ఇట్లే అమర్చబడియున్నవి. ఒక డైరెక్టరీలో మరియొక డైరెక్టరీ ఇముడు ఈ వృక్షక్రమమును మల్టిక్స్ అను వ్యవస్థకై రూపొందించి, డేలీ, న్యూమన్ అనువారు 1965లో వివరించిరి. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ దానిని లోకమునకు అలవాటు చేసినది. అయితే చెట్టు పెరిగినకొలది ఒక చిక్కు వచ్చినది. ఒక కొమ్మను చూచువానికి తక్కిన కొమ్మలు కనబడవు.

1990లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమున 14 మంది వాడుకొను 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయినది. ఎవరి ఫైళ్లు ఎంత చోటు నాక్రమించినవో తేలలేదు. బెన్ ష్నైడర్‌మన్ అను ఆచార్యుడు ఒక దీర్ఘచతురస్రమును గీసి, ఫైళ్ల పరిమాణమును బట్టి దానిని మడులుగా విభజించెను. దీనికే ట్రీమ్యాప్ అని పేరు. 1991లో జెరాక్స్ పరిశోధకులు అదే వృక్షమును మూడు పరిమాణములలో, శంకువులవలె వ్రేలాడదీసి చూపిరి.

అటుపిమ్మట సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ ఎఫ్.ఎస్.ఎన్. అను సాధనమును చేసెను. అందు డైరెక్టరీలు మైదానముమీది అరుగులు; వానిపై నిలిచిన దిమ్మెలు ఫైళ్లు. ఫైలు పెద్దదైనకొలది దిమ్మె ఎత్తగును. దాని రంగు ఫైలు వయస్సును తెలుపును. చూచువాడు గ్రద్దవలె పైనుండి ఎగురుచు, కావలసినచోట దిగవచ్చును. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ చలనచిత్రములో ఒక బాలిక కంప్యూటరు తెరపై నడపునది ఇదియే. కల్పనయని పలువురు తలచిరి గాని, అది నిజమైన సాధనమే.

ఇంత చూడముచ్చటైన ఉపాయము ఇంటింటికి ఏల రాలేదు? ఆనాడు దానికి ఖరీదైన యంత్రములు కావలసియుండెను. అంతేగాక, ముందరి దిమ్మె వెనుకదానిని మరుగుపరచును. దూరమునుండి పేర్లు చదువ వీలుకాదు. పేరు తెలిసినవాడు దానిని టైపుచేసి క్షణములో చేరుకొనగా, ఎగిరి పోవువాడు ఇంకను దారిలోనే యుండును. కావున ఎఫ్.ఎస్.ఎన్. ప్రయోగముగానే మిగిలినది. బల్లపరుపుగా నున్న ట్రీమ్యాప్ మాత్రము, డిస్కులో చోటెట్లు నిండినదో చూపు సాధనములలో నేటికిని నిలిచియున్నది.

దీనివలన మాకు తోచునది ఇది. వ్రాతను వెదకి తీయుటకు వరుసయు పేరును చాలును. మనకు ఏమేమి కలదో, ఏది పాతబడినదో, ఏది చోటంతయు తినుచున్నదో ఎరుగుటకు పటము కావలెను. గ్రామమునకు అడంగలును పటమును రెండును ఉండుట ఇందువలననే. నేడు పట్టాదారు పాసుపుస్తకము ప్రతియు, పిల్లల చదువు పత్రములును మన ఫోనులలో చేరినవి. చోటు చాలనినాడు తొందరలో తుడిచివేయువాటిలో అవియు పోవచ్చును. అట్టివానిని ఊరిపేరుతో, సర్వే నంబరుతో వేరుగా నుంచి, ఎచ్చట నుంచితిమో ఇంటిలో మరియొకరికి కూడ చెప్పియుంచుట మంచిది.