లారీకి పేరు పెట్టిన బ్రష్

ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు దాటేది పూర్తి లారీ కాదు. ఇంజను, చట్రం, చక్రాలు, స్టీరింగు, అంతే. 1954లో టెల్కో సంస్థ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడే మద్రాసులో అశోక్ మోటార్స్ కాస్తా అశోక్ లేలాండ్ అయింది. కొన్న చాసిస్‌ని డ్రైవరు ఎండకూ వానకూ ఓర్చుకుంటూ ఊరికి తోలుకొచ్చి బాడీ షెడ్డులో అప్పగించేవాడు. వడ్రంగులు, కమ్మరులు, వెల్డర్లు కలిసి క్యాబిను, తొట్టి కట్టేవారు. అందరి పనీ అయ్యాక పెయింటరు వచ్చేవాడు. కంపెనీ వదిలేసిన ఆ ఖాళీలోనే లారీ మీది రాత ఒక కళగా ఎదిగింది.

రాత తప్పనిసరి కావడానికి చట్టమూ కారణమే. సొంత సరుకు మోసుకునే బండి ప్రైవేట్ క్యారియర్, కిరాయికి తిరిగేది పబ్లిక్ క్యారియర్ అని 1939 నాటి మోటారు వాహనాల చట్టం విడదీసింది. క్యాబిన్ నుదుట 'పబ్లిక్ క్యారియర్' అన్న మాట అలా వెలిసింది. 1988 చట్టంలో ఆ తేడా పోయింది, బోర్డులు 'గూడ్స్ క్యారియర్' అయ్యాయి. ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి బరువు, టైర్ల కొలత బండి మీదే కనిపించాలని అదే చట్టం 58వ సెక్షన్ చెప్పింది. 1989 నాటి కేంద్ర నిబంధనలు సరుకు బండి నంబరు రెండు పక్కలా కూడా ఉండాలన్నాయి. నేషనల్ పర్మిట్ బండికి ఎండాకు రంగు పూసి, 60 సెంటీమీటర్ల వలయంలో ఆ మాట రాయాలన్నాయి. ఏం రాయాలో సర్కారు చెప్పింది. దాన్ని ఎంత అందంగా రాయవచ్చో చూపించింది పెయింటర్లే.

1960లలో రూపుదిద్దుకున్న విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ షెడ్ల పక్కనే 'ఆర్ట్స్' అన్న బోర్డుతో చిన్న చిన్న షాపులు వెలిశాయి. కిరాణా కొట్టు బోర్డు, ఎన్నికల గోడ, లారీ డోరు, అన్నిటికీ అదే చెయ్యి.

పని లప్పంతో మొదలవుతుంది. గుంటలు పూడ్చి, వాటర్ పేపరుతో రుద్ది, ఎనామిల్ పూత బాగా ఆరాక సుద్ద పూసిన దారాన్ని రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదులుతారు. టప్పున గీత పడుతుంది. ఇంగ్లిషు పెద్దక్షరాలైతే రెండు గీతల మధ్య ఇమిడిపోతాయి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు. 'శ్రీ' ఒక్కటి రాయాలన్నా మీద గుడి దీర్ఘానికీ, అడుగున రావత్తుకూ చోటు వదలాలి. రెండు వరుసలుంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగలకూడదు. తొట్టి మీదైతే బోల్టులు కూడా తప్పించుకోవాలి. చిటికెన వేలు బాడీకి ఆనించి, వంపు మొత్తాన్ని ఒకే ఊపులో తిప్పాలి. మధ్యలో బ్రష్ ఎత్తితే అతుకు తెలిసిపోతుంది. చివరికి ప్రతి అక్షరానికీ ఒకే పక్క, ఒకే మందంలో షేడ్ కొడితే అక్షరం రేకు మీంచి లేచి నిలబడుతుంది.

చట్టం అడిగిన రాత అయ్యాక ఓనరు మనసులో మాట మొదలయ్యేది. ఇలవేల్పు పేరు, పిల్లల పేర్లు, అమ్మానాన్నల దీవెన. వెనక డోరు మీద 'హారన్ ప్లీజ్' మాత్రం అవసరం నేర్పిన మాట. ఇరుకు రోడ్ల మీద దాటబోయే బండి ఉనికి ముందు డ్రైవరుకు హారనే చెప్పాలి. దేశమంతా తిరిగిన 'హారన్ ఓకే ప్లీజ్' అనవసరపు మోతను ప్రోత్సహిస్తోందని 2015లో మహారాష్ట్ర దాన్ని నిషేధించింది.

ఫ్లెక్సీలు, కంప్యూటర్ కోసిచ్చే రేడియం స్టిక్కర్లు వచ్చాక గిరాకీ తగ్గింది. క్యాబిన్లు ఫ్యాక్టరీ నుంచే రంగులతో దిగుతున్నాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి కావడంతో ప్లేట్ల మీద నంబర్లు రాస్తే వచ్చే నిలకడైన చిన్న రాబడి కూడా చేజారింది.

ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అనే కళాకారుడు వీధి పెయింటర్ల అక్షరాలను సేకరించి, వారి పేర్లతోనే కంప్యూటర్ ఫాంట్లుగా మార్చే పని చేపట్టారు. ఆయన 2024లో కన్నుమూసినా దారి మిగిలింది. తెలుగులో అందమైన ఫాంట్లకు ఇప్పటికీ కొరతే. ఆటోనగర్లలో బ్రష్ పట్టే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల గుడుల వంపులూ, ఒత్తుల కొలతలూ వాళ్ల పేరుతోనే ఫాంట్లు కావాలి. అమ్మకంలో వాళ్లకు వాటా దక్కాలి. మన విశ్వవిద్యాలయాలూ, డిజైన్ కాలేజీలూ ఈ పని ఆ చేతులు ఆడుతుండగానే మొదలుపెట్టాలి.