ఫోటో ఎందుకు పచ్చబడుతుంది?

మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఒకసారి తీసి చూడండి. ఒకే పెళ్ళిలో తీసిన రెండు నలుపు తెలుపు ఫోటోల్లో ఒకటి నిన్న మొన్న కడిగించినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. రెండోది అంచుల నుంచి పచ్చబడి, మొహాలు వెలిసిపోయి, ఎవరు ఎవరో పోల్చుకోలేకుండా ఉంటుంది. కాలమహిమ అనుకుని ఊరుకుంటాం. కాలం రెండింటికీ సమానమే కదా! తేడా అంతా ఆ ఫోటో పుట్టిన చీకటి గదిలో ఉంది. సూటిగా చెప్పాలంటే, దాన్ని కడిగిన నీళ్ళలో ఉంది.

ఫోటోగ్రఫీ చరిత్ర చెప్పేవాళ్ళు బొమ్మను మొదట పట్టింది ఎవరన్నదే ఎక్కువగా చెబుతారు. పట్టిన బొమ్మను నిలబెట్టడం అంతకన్నా పెద్ద పనే అయింది.

ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1830ల మధ్యలో కాగితానికి ఉప్పునీళ్ళు, సిల్వర్ నైట్రేటు పట్టించి, చిన్న చిన్న చెక్కపెట్టెల్లో పెట్టి బొమ్మలు దించేవాడు. ఆ పెట్టెలను ఆయన భార్య కాన్‌స్టన్స్ ఎలుకబోనులని పిలిచింది. ఆవిడ కూడా 1839లో స్వయంగా ఈ ప్రయోగం చేసి చూసింది. ఫోటో తీసిన తొలి స్త్రీలలో ఆవిడ ఒకరు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బొమ్మ పడ్డాక కూడా వెలుతురు తగలని వెండి లవణం కాగితంలో మిగిలే ఉంటుంది. వెలుతురులో పెడితే అదీ నల్లబడి బొమ్మను మింగేస్తుంది. టాల్బట్ చిక్కటి ఉప్పునీళ్ళతో దాన్ని కాస్త అణచి ఉంచేవాడు గానీ, వదిలించలేకపోయాడు.

దానికి మందు చూపించినవాడు జాన్ హెర్షెల్. సోడియం థయోసల్ఫేటు వెండి లవణాలను కరిగిస్తుందని ఆయన 1819లోనే గమనించాడు. 1839లో టాల్బట్‌కి ఆ సంగతి చెప్పాడు. అప్పట్లో దాన్ని హైపోసల్ఫైట్ అనేవారు. ఆ పేరే కురచై మన స్టూడియోల్లో 'హైపో' అయి కూర్చుంది.

ఇక బెంగ తీరిందనుకున్నారు. 1844 నుంచి 1846 దాకా టాల్బట్ 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అనే పుస్తకాన్ని అసలు ఫోటోలే అతికించి భాగాలుగా వెలువరించాడు. 1846లో 'ఆర్ట్ యూనియన్' అనే పత్రిక తన ప్రతుల్లో ఒక్కొక్క ఫోటో పెట్టి పాఠకులకు అందించింది. వేలకొద్దీ ఫోటోలు తయారు కావాలి, అదీ తొందరగా. కడగడం చాలలేదు. కొద్దికాలానికే వాటిలో చాలా వెలిసిపోయాయి. కాగితం మీది ఫోటో నిలుస్తుందన్న నమ్మకం జనంలో సడలింది. పోయినవాళ్ళ రూపం అదొక్కటే మిగిలిన ఇళ్ళలో అది ఎంత కష్టమో ఆలోచించండి.

అదే రోజుల్లో, 1843లో, ఆనా ఆట్‌కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుమొక్కల బొమ్మలతో పుస్తకం తేవడం మొదలుపెట్టింది. ఆవిడ వాడిన నీలి పద్ధతి కూడా హెర్షెల్ కనిపెట్టిందే. అందులో వెండి లేదు, ఇనుప లవణాలే. హైపో అక్కరలేదు, మామూలు నీళ్ళలో కడిగితే చాలు. ఆ నీలి బొమ్మలు ఈనాటికీ ఉన్నాయి.

వెండి ఫోటోలు ఎందుకు వెలుస్తున్నాయో తేల్చడానికి లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఒక సంఘాన్ని వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి 50 పౌన్లు ఇచ్చాడు. ఆ ఏడాదే నివేదిక వచ్చింది. ముఖ్య కారణం కాగితంలో మిగిలిపోయిన హైపో, అంటే సరిగ్గా కడగకపోవడమే అని తేల్చారు. బొమ్మను కాపాడిన మందే లోపల ఉండిపోతే బొమ్మను తినేస్తుందన్నమాట. హైపోలో గంధకం ఉంది. అది నల్లటి వెండిని మెల్లమెల్లగా పసుపు, గోధుమ రంగు సిల్వర్ సల్ఫైడుగా మార్చేస్తుంది. తడి తగిలితే ఆ పని మరీ త్వరగా సాగుతుంది.

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పుకోవాలి. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది స్త్రీయే. ఆ కాలపు ఫోటోలు ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదివి. వాటిలో తెల్లని భాగాలు పచ్చబడటానికి ఆ సొన కూడా కారణం.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికీ స్నానాలగదికి దుప్పటి కట్టి, ఎర్రబల్బు పెట్టి ప్రింట్లు వేస్తూ ఉంటే, ఈ చరిత్ర వాళ్ళకు బాగా పనికొస్తుంది. రంగు ఎప్పుడు మారిందో ముందు కనుక్కోండి. ప్రింటు డెవలపర్‌లో ఉండగానే మొత్తం బూడిదరంగుకి తిరిగితే, ఎక్కడో వెలుతురు దూరిందనో, కాగితం పాతదనో అర్థం. అప్పుడే పసుపు మరకలు పడితే డెవలపర్‌ని అనుమానించండి. వాడి వాడి కాఫీ డికాక్షన్‌లా అయిన డెవలపర్ ఇక పారబోయవలసిందే. వెలుతురులోకి తెచ్చాక ఊదా, గోధుమ మచ్చలు తేలితే హైపో సత్తువ అయిపోయింది, లేదా రెండు ప్రింట్లు ట్రేలో ఒకదానికొకటి అంటుకుపోయాయి. హైపోకి రెండు ట్రేలు పెట్టుకుని, రెండోదాంట్లో తాజా హైపో ఉంచితే ఈ బాధ ఉండదు. ఇవేవీ కాక, నెలలు గడిచాక లేత భాగాల నుంచి పచ్చబడితే మాత్రం కడగడంలోనే లోపం.

బియ్యం ఎలా కడుగుతాం? ఒకేసారి బిందెడు నీళ్ళు పోసి వదిలేయం. మూడు నీళ్ళు మార్చి కడుగుతాం. ప్రింటుకీ అదే సూత్రం. కుళాయి ధారగా రాని ఇళ్ళలో, మామూలు కాగితం ప్రింటుకి అయిదేసి నిమిషాలకొకసారి పన్నెండు సార్లు నీళ్ళు మార్చండి. ముందుగా లీటరు నీళ్ళకు 20 గ్రాముల చొప్పున సోడియం సల్ఫైటు కరిగించి, అందులో పది నిమిషాలు ఆడిస్తే హైపో ఇంకా తేలిగ్గా వదులుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మందును పీల్చుకోదు గనక దానికి ధారగా వచ్చే నీళ్ళు నాలుగైదు నిమిషాలు చాలు. వేసవిలో డెవలపర్ వేడెక్కిపోతుంది. ఉండవలసింది 20 డిగ్రీలు. ట్రేని కుండనీళ్ళు పోసిన బేసిన్‌లో నిలపండి.

ఇప్పటికే పచ్చబడిపోయిన పాత ఫోటోలను మాత్రం ఇంట్లో తడపబోకండి. పాత సొన పొర చెదిరిపోతే తిరిగి రాదు. తడి తగలని చోట పెట్టి, మొహాలు పోల్చుకునే వీలుండగానే నకళ్ళు తీయించండి. ఆ మొహాలు ఎవరివో చెప్పగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే, నకలు వెనక పెన్సిలుతో పేర్లు కూడా రాయించుకోండి.