జుట్టున్నమ్మ

తలంటు అనగానే మీకేం గుర్తొస్తుందోగాని, నాకు మాత్రం ముందుగా కళ్ళమంటే గుర్తొస్తుంది. ఆదివారం పొద్దున్నే పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర పీట వేసేవారు. కుంకుడుకాయలు రాతిమీద చితక్కొట్టి, గింజలు తీసేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, నురుగొచ్చేదాకా పిసికేవారు. నల్లగా నిగనిగలాడే ఆ గింజల కోసం పిల్లలం కొట్టుకు చచ్చేవాళ్ళం. పీటమీద కూర్చోబెట్టేసరికి మాత్రం ఒక్కరూ దొరికేవాళ్ళం కాదు.

దొరకబుచ్చుకునేది అత్తయ్య. నిజానికి ఆవిడ నాన్నగారికి మేనత్త, మా బామ్మకి ఆడపడుచు. నాన్నగారు ‘అత్తయ్యా’ అని పిలిచేవారు గనక మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఊరంతా ‘అత్తయ్యగారు’ అనేవారు. అమలాపురానికి దగ్గర్లో మా ఊరు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఏ ఆడపిల్లకి జుట్టు ఊడినా, చివళ్ళు చిట్లినా, పేలు పడినా, పిల్లని తీసుకుని తల్లి మా పెరటి గుమ్మంలోకి రావలసిందే. అత్తయ్య ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, వెంట్రుక ఒకటి వేళ్ళ మధ్య లాగి చూసి, ‘దీనికి నూనె కాదమ్మా, ముందు తిండి పెట్టు’ అనో, ‘తడిజుట్టు దువ్వుతున్నావు కదూ’ అనో చెప్పేది. ఆ చెప్పే ఆవిడ తలమీద ఒక్క వెంట్రుక లేదు. పదిహేను రోజులకోసారి మంగలి తాత పెరటి దారిన వచ్చేవాడు. ఆవిడ నార్మడి చెంగు తీసి అరుగుమీద కూర్చునేది. మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేవారు కాదు.

ఇందులో వింత ఉందని చిన్నప్పుడు నాకు తట్టనే లేదు. పిల్లలకి కళ్ళముందున్నదే లోకం కదా!

అత్తయ్య నూనె కాచే రోజు ఇల్లంతా ఒకటే వాసన. ఇంటి కొబ్బరికాయల నూనె అడ్డెడు ఇత్తడి గిన్నెలో పోసి, గుంటగలగరాకు నూరి పిండిన రసం, మందారాకు, ఎండు ఉసిరి పెచ్చులు, గుప్పెడు మెంతులు, కరివేపాకు వేసి సన్నని సెగమీద పెట్టేది. చిటపటలు పూర్తిగా ఆగిపోయేదాకా దింపేది కాదు. నీటి చుక్క మిగిలితే నూనె మక్కిపోతుందిట. దింపాక వట్టివేళ్ళు వేసి మూత పెట్టేది. ఇందులో ఏది జుట్టు పెంచుతుందని అడిగితే, ‘పెంచేది నేనూ కాదు, నూనే కాదు. ఉన్నదాన్ని తెగనీకుండా కాపాడుకోవడమే మన పని’ అనేది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, 2003లో బొంబాయి పరిశోధకులిద్దరు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిలు మూడింటినీ పోల్చి చూసి, మొదటిదే వెంట్రుక లోపలికి ఇంకి అందులోని ప్రొటీను పోకుండా కాపాడుతోందని తేల్చారు. అత్తయ్య చెప్పిందీ ఇంచుమించు అదే. కాకపోతే ఆవిడ ఏ పత్రికలోనూ అచ్చు వేయించలేదు.

కుంకుడుకాయ సంగతి ఇంకా తమాషా. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు ‘సపిండస్’. లాటిన్‌లో దాని అర్థం ‘ఇండియా సబ్బు’ అని. షాంపూ అన్న మాట మాత్రం తెల్లవాళ్ళదనుకునేరు, అదీ మనదే. ‘చాంపో’ అన్న హిందూస్థానీ మాట నుంచి వచ్చింది. ఒళ్ళు పట్టమనీ, మర్దనా చెయ్యమనీ దానర్థం. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండు వెళ్ళి, బ్రైటన్ సముద్రతీరంలో ఆవిరి స్నానాలూ, మర్దనా కలిపి ‘షాంపూయింగ్’ దుకాణం పెట్టాడు. నాల్గో జార్జి రాజుకీ, తర్వాత నాల్గో విలియంకీ ఆయనే ‘షాంపూయింగ్ సర్జన్’. 1822లో ఆ పేరుతోనే పుస్తకం కూడా వేశాడు. ఒళ్ళు పట్టే మాట తల రుద్దే మాటగా మారడానికి మరికొన్నాళ్ళు పట్టింది. మన మాట సముద్రాలు దాటి, సీసాలో దిగి, మళ్ళీ మనింటికే వచ్చిందన్నమాట. 1983లో కడలూరులో మొదలైన చిక్ లాంటి కంపెనీల పుణ్యమా అని చిన్న చిన్న పొట్లాలై మా ఊరి కిళ్ళీకొట్లో దండలుగా వేలాడింది కూడా. నేను ఓ పొట్లం కొనుక్కొచ్చి చూపిస్తే అత్తయ్య వాసన చూసి, ‘కళ్ళు మండని తలంటు కూడా ఓ తలంటేనటే!’ అంది.

‘జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అమరావతి స్తూపం శిల్పాలు మద్రాసు మ్యూజియంలోనూ, లండను బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. అందులో ఆడవాళ్ళని చూడండి, దాదాపు రెండువేల ఏళ్ళ నాటి కొప్పులు ఎన్ని రకాలో! 1213 నాటి రామప్ప గుడిలో నల్లరాతి మదనికల కొప్పులు చూస్తూ నిలబడిపోయి ఓసారి నేను బస్సు తప్పిపోయాను. ఇక ద్రౌపది సంగతి చెప్పనే అక్కర్లేదు. సంధికి బయల్దేరుతున్న కృష్ణుడికి ఆవిడ జుట్టు చేత్తో పట్టుకు చూపించింది. భట్టనారాయణుడు ఆ జడ ముడి మీదే ‘వేణీసంహారం’ అని ఏకంగా నాటకమే కట్టాడు. ఆడదాని జుట్టు పట్టుకోవడం అంటే మామూలు అవమానం కాదని మన పురాణాలకి బాగా తెలుసు.

ఇంకో జడ ఉంది, సత్యభామది. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో భామ వేషం కట్టినవాడు తెర వెనకనుంచి ముందు జడ ఒక్కటే ఇవతలికి వేసేవాడట. నన్ను ఓడించగలవాళ్ళుంటే రండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తాను అని సవాలు! జడమీద సూర్యుడు, చంద్రుడు, పడగ విప్పిన పాము, ఇరవైయేడు నక్షత్రాలు. లోకమంతా ఆవిడ వీపు మీదే. కూచిపూడి మేళాల్లో వేషాలన్నీ మగవాళ్ళవే గనక ఆ జడంతా సవరమే. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామ వేషం చూసినవాళ్ళు నిజం ఆడవాళ్ళకి ఆ నడక రాదంటారు. మా బామ్మ చిన్నతనంలో ఊళ్ళో భామాకలాపం ఆడితే వదినా మరదళ్ళిద్దరూ వెళ్దామనుకున్నారట. బామ్మ వెళ్ళింది. అత్తయ్యని ఇంట్లో వాళ్ళు వెళ్ళనివ్వలేదు. బయట మగవాడొకడు నక్షత్రాల జడ ఊపుతూ నడుస్తుంటే, నిజంగా మోకాళ్ళదాకా జుట్టుండిన పిల్ల బోడితలతో వంటింట్లో మర్నాటికి పప్పు నానబోసుకుంటోందన్నమాట.

ఆ కథ నాకు బామ్మ చెప్పింది. అత్తయ్య నోటివెంట ఎప్పుడూ వినలేదు.

ఎనిమిదో ఏట పెళ్ళి. పన్నెండో ఏట భర్త పోయాడు. పద్నాలుగు నిండాక, 1924లో, ‘చెయ్యవలసింది’ చేశారు. ఆ మాటే వాడింది బామ్మ. తీసిన జుట్టు గోదావరి పాయలో కలిపేశారు. ఇక్కడ నా ఒళ్ళు మండే లెక్క ఒకటి ఉంది. కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఊరు ఊరంతా వెలేస్తే, నీళ్ళు తెచ్చే మనిషి కూడా రాకపోతే, రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరినుంచి బిందెలు మోశారు, వంట చేశారు. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బు పెట్టారు. పెళ్ళి చెల్లుతుందని చట్టం అంతకు ముందే, 1856లోనే వచ్చింది. అక్కణ్ణించి మా ఊరికి నలభై మైళ్ళు. నలభై మైళ్ళు రావడానికి ఆ మాటకి నలభైమూడేళ్ళు చాలలేదు! పైగా పెళ్ళి చేసుకోవచ్చంది గాని, తల గొరగరాదని ఆ చట్టం ఎక్కడా అనలేదు. పెళ్ళి వద్దనుకున్న పిల్లకి జుట్టు ఉంచుకునే హక్కు ఎవరిస్తారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోలేదు. ఎవరో ఊహించండి. మంగలివాళ్ళు! 1890లో బొంబాయిలో, మిల్లు కూలీల నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే పూనికతో క్షురకులు సమావేశమై, ఇకమీదట వితంతువుల తలమీద కత్తి పెట్టబోమని తీర్మానించుకున్నారు. లోఖండే జోతీబా ఫూలేగారి సత్యశోధక సమాజం మనిషి. శాస్త్రాలు తిరగేసి పండితులు ఏళ్ళ తరబడి వాదులాడుతుంటే, కత్తి చేతిలో ఉన్నవాడు ‘నావల్ల కాదు’ అనేశాడు. ఇది చదివినప్పుడు నాకు మా మంగలి తాత గుర్తొచ్చాడు. వచ్చినప్పుడల్లా తల వంచుకుని వచ్చేవాడు, తల వంచుకునే వెళ్ళేవాడు. డబ్బులు అరుగుమీద పెడితే తీసుకునేవాడుగాని చేతికి ఇవ్వనిచ్చేవాడు కాదు. ఆయన మనసులో ఏముండేదో!

అత్తయ్యకి అందరి తలలమీదా అధికారం ఉండేదన్నానా, అది పండగరోజుల్లో ఉండేది కాదు. భోగినాడు, నరక చతుర్దశినాడు మాడుమీద మొదటి నూనెచుక్క ముత్తయిదువే పెట్టాలి. ముందురోజు రాత్రి నూనె కాచిపెట్టింది అత్తయ్యే అయినా, తెల్లారి ఆవిడ గదిలోంచి బయటికి వచ్చేది కాదు. మేమంతా తలంట్లు పోసుకుని, సాంబ్రాణి పొగ వేసుకుని, కొత్తబట్టలు కట్టుకున్నాక వచ్చి, చిక్కు తీసి జడలు వేసేది.

నా పదో ఏట నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గిన రెండు నెలలకి దువ్వెన పెడితే చాలు, పిడికెళ్ళకి పిడికెళ్ళు ఊడిపోయేది. అమ్మ ఏడుపు, నా ఏడుపు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని పక్కింటివాళ్ళు, ఎలాగూ ఊడేదే గనక వెంకన్నకి ఇచ్చేద్దామని బామ్మ. తిరుపతి ప్రయాణానికి రోజు కూడా చూశారు. తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్ళు తలనీలాలివ్వడం కొత్తా కాదు, తప్పూ కాదు. నీలాదేవి తన జుట్టే స్వామికి సమర్పించిందని, అందుకే అది నీలాద్రి అయిందని స్థలపురాణం. ఆ జుట్టు ఇప్పుడు టన్నుల లెక్కన వేలానికి వెళ్ళి, ఎక్కడెక్కడో సవరాలవుతోంది. 2004లో జెరూసలేం మతగురువు ఒకాయన అది వేరే దేవుడికిచ్చిన జుట్టు, పనికిరాదన్నాడని బ్రూక్లిన్ యూదు స్త్రీలు విగ్గులు వీధిలో కుప్పపోసి తగలబెట్టారు కూడా. ఇదంతా పెద్దయ్యాక తెలిసిన సంగతి. ఆ రోజు మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అత్తయ్య ఒకే ఒక్క మాట అడిగింది.

‘దాన్ని అడిగారటే?’

ఎవరూ మాట్లాడలేదు. బామ్మ తల దించుకుంది. ‘అది ఇస్తానంటే తీసుకెళ్ళండి. ఇవ్వనంటే దాని తలమీద కత్తి పడ్డానికి వీల్లేదు’ అంది అత్తయ్య. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషి. నన్ను అడిగారు. నేను ఇవ్వనన్నాను. ప్రయాణం ఆగిపోయింది.

మూడు నెలలకి కణతల దగ్గర నూగు జుట్టు మొలిచింది. అందరూ అత్తయ్య నూనె మహిమ అన్నారు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేదేమిటంటే, పెద్ద జ్వరం, కాన్పు, ఒంట్లో రక్తం తగ్గడం లాంటి దెబ్బ తగిలితే చాలా వెంట్రుకలు ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయట, రెండు మూడు నెలలకి రాలిపోతాయట, కుదురు మాత్రం బతికే ఉంటుందిట. వాటంతటవే మళ్ళీ వస్తాయి. గుండుతో జుట్టు ఒత్తవడం మాత్రం ఉత్తమాట. కత్తి కోసేది చర్మం పైనున్నదాన్నే, కుదుళ్ళు ఎన్నున్నాయో అన్నే ఉంటాయి. ఒక్కో వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున రెండేళ్ళనుంచి ఆరేళ్ళదాకా పెరుగుతుంది. ఎవరి జడ ఎంత పొడుగన్నది చాలామటుకు ఆ గడువుమీదే ఆధారపడి ఉంటుంది. మోకాళ్ళదాకా జుట్టంటే అత్తయ్య కుదుళ్ళ గడువు చాలా పెద్దదై ఉండాలి.

1995లో ఆవిడ మంచం పట్టింది. అప్పటికి మంగలి తాత పోయాడు. కొడుకు అమలాపురంలో సెలూను పెట్టుకున్నాడు. కబురు పెడదామని ఎవరూ అనలేదు, ఆవిడా అడగలేదు. నాలుగు నెలలయ్యేసరికి తలనిండా తెల్లగా, అంగుళంన్నర జుట్టు పసిపిల్లదిలా మెత్తగా లేచింది. ఓ ఆదివారం నేను గిన్నెలో నూనె గోరువెచ్చన చేసి తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. చెయ్యి వేస్తే వద్దంటుందనుకున్నాను. కళ్ళు మూసుకుంది. మాడునించి మెడదాకా మెల్లగా రాశాను. చాలాసేపయ్యాక, ‘పాపిడి తియ్యవే’ అంది.

అంత పొట్టి జుట్టుకి పాపిడి నిలవదు. దువ్వెన తెచ్చి నుదుటినించి నడినెత్తిదాకా గీత గీశాను. పక్కలవి మళ్ళీ లేచి కలిసిపోయాయి. మళ్ళీ గీశాను.