ముల్లు పచ్చరంగులోనే ఉంది, కానీ...

పోయినేడు మే నెలలో బాపూ నేనూ హైదరాబాదు నుంచి గోదావరిఖనికి కార్లో పోతున్నాం. (2016లో మా ఊరు పెద్దపల్లి జిల్లాలోకి పోయింది గానీ, ఎవరైనా అడిగితే నా నోటికి ఇప్పటికీ కరీంనగర్ జిల్లా అనే వస్తుంది.) సిద్దిపేట దాటాక రాజీవ్ రహదారి పక్కన ఒక కారు ఆగి ఉంది. బానెట్ సందుల్లోంచి పొగ వస్తోంది. అందులో వాళ్ళు అప్పటికే దిగి దూరంగా నిలబడ్డారు.

"గా ఎర్రడబ్బ తీస్కరా బిడ్డా" అన్నాడు బాపు.

డిక్కీలో రెండు సూట్‌కేసుల కింద ఉంది అది. తీసేసరికే నిమిషం పైన పట్టింది. పిన్ను లాగి నొక్కాను. స్స్ మని గాలి వచ్చింది, చిటికెడు పొడి రాలింది. అంతే! ఒక లారీ డ్రైవరూ క్లీనరూ తట్టతో మట్టి పోస్తూ చాలాసేపు కష్టపడ్డారు. మనుషులకేం కాలేదు, కారు మాత్రం సగం కాలిపోయింది.

మళ్ళీ కారెక్కాక బాపు అడిగాడు: "నెలనెలా చూస్తా అంటివి గదరా?"

"చూసిన బాపూ. ముల్లు పచ్చల్నే ఉండె."

అబద్ధం కాదు, నిజంగానే చూశాను. మా ఆఫీసులో ఇలాంటివి బోలెడు చూశాను కూడా. మానిటర్లో అన్నీ ఆకుపచ్చ లైట్లే ఉంటాయి, కస్టమర్ మాత్రం ఫోన్ చేసి తిడుతుంటాడు. సర్వర్ బతికే ఉంటుంది, పని చెయ్యదు. అక్కడ తెలిసిన సంగతి ఇక్కడెందుకు తట్టలేదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఆ ముల్లు ఏం చెప్తుంది, ఏం చెప్పదు అని వెతుకుతూ పోతే కథ రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళింది.

1813లో ఎడింబరోలో ఒక ఇల్లు తగలబడింది. పై అంతస్తులకి నీళ్ళు అందక ఫైర్ వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అది చూసిన జార్జ్ మాన్‌బీ అనే కెప్టెన్, తర్వాత కొన్నేళ్ళకి ఒక రాగి పాత్ర తయారుచేశాడు. అందులో సుమారు 13 లీటర్ల పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాని పైన బిగించిన గాలి. కుళాయి తిప్పితే గాలే ద్రావణాన్ని బయటికి తోస్తుంది. అంటే మన కార్లో డబ్బా పనిచేసే సూత్రం అప్పుడే పుట్టింది. కానీ లోపల గాలి ఉందో లేదో చూసుకునే దారి లేదు. ఆ ముల్లు రావడానికి 1849 దాకా ఆగాలి. ఆ ఏడు ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ వంపు తిరిగిన సన్న గొట్టంతో ప్రెషర్ గేజ్ చేశాడు. ఒత్తిడి పెరిగితే గొట్టం కొంచెం విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. ఇవాళ్టికీ చాలా ఎర్రడబ్బాల్లో ఉన్నది ఆ గొట్టమే.

మధ్యలో చాలా రకాలొచ్చాయి. 1866లో సోడా-యాసిడ్ వచ్చింది. 1910ల్లో కార్ల కోసమే చిన్న ఇత్తడి పంపులు వచ్చాయి. వాటిలో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉండేది. మంట ఆరిపోయేది గానీ, వేడికి అది ఫాస్జీన్ అయ్యేది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులమీద వదిలిన విషవాయువు అదే! 1924లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, 1928లో పొడి వచ్చాయి. హాలన్ అన్నిటికన్నా బాగా పనిచేసింది, కానీ ఓజోన్‌ని తింటోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా తప్పించారు. చివరికి మన సామాన్యుల కార్లకి మిగిలింది అమోనియం ఫాస్ఫేట్ పొడి, దాన్ని తొయ్యడానికి నైట్రోజన్.

ఇక్కడే ఉంది నా తప్పు. గేజ్ కొలిచేది నైట్రోజన్‌ని. మంట ఆర్పేది పొడి. ఏడాదిపాటు రోడ్డుమీద కుదుపులకి పొడి అడుగున దిగి గట్టిపడుతుంది. తేమ తగిలితే గడ్డే కడుతుంది. అప్పుడు గ్యాస్ తన దారిన తను బయటికి పోతుంది, పొడి లోపలే ఉంటుంది. ముల్లు మాత్రం చివరిదాకా పచ్చగానే!

పచ్చ అన్నది కూడా మన ఊళ్ళలో కొంచెం ఆలోచించి నమ్మాలి. ఈ డబ్బాల్లో ఒత్తిడి సాధారణంగా 15 బార్ల దగ్గర ఉంటుంది. 27 డిగ్రీల దగ్గర 15 ఉన్నది, రామగుండం ఎండలో అద్దాలు మూసిన కారు 65 డిగ్రీలకి చేరితే లెక్కప్రకారం 17 అవుతుంది. అదే ఆదిలాబాద్ చలికాలం తెల్లవారుజామున 7 డిగ్రీల దగ్గర 14కి దిగుతుంది. అంటే మెల్లగా లీకవుతున్న డబ్బాని మే నెల మధ్యాహ్నం చూస్తే ఎండే దాని లోటు కప్పేస్తుంది. ఎప్పుడైనా సరే పొద్దున్నే, కారు చల్లగా ఉన్నప్పుడే చూడండి.

బాపు సింగరేణిలో ముప్పై ఏళ్ళు చేసిండు. నా లెక్కలన్నీ విని ఒక్కమాట అన్నాడు: "బాయిల దీపం పట్టుకపోతే సాలదు బిడ్డా, దాని మంట సూడాలె." 1815లో డేవీ చేసిన సేఫ్టీ ల్యాంపు సంగతి అది. మీథేన్ ఉంటే మంటమీద నీలిరంగు టోపీ లేస్తుంది. దీపం చేతిలో ఉండటం వేరు, దాన్ని చదవటం వేరు.

ఇప్పుడు నేను చేసేది ఇది. నెలకోసారి పొద్దున ముల్లు చూస్తాను. డబ్బాని తలకిందులు చేసి పొడి జారుతోందా అని చెవి దగ్గర పెట్టి వింటాను, అడుగున అరచేత్తో తడతాను. పిన్ను, సీలు, నాజిల్, రీఫిల్ తేదీ చూస్తాను. ఒక్కసారి కొంచెం నొక్కినా రీఫిల్ చేయించాల్సిందే, ఎందుకంటే వాల్వులో పొడి ఇరుక్కుని మిగతా గ్యాస్ మెల్లగా పోతుంది. కొత్తది కొన్నప్పుడు ఐఎస్ 15683 ముద్ర చూసి కొన్నాను. అది డిక్కీలో లేదు, నా సీటు ముందే బిగించి ఉంది. బానెట్ కింద మంటైతే బానెట్ పూర్తిగా ఎత్తకూడదు, గాలి తగిలి భగ్గుమంటుంది. కొద్దిగా తెరిచి సందులోంచి కొట్టాలి.

దీన్ని గొప్పచేసి చెప్పటం లేదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఇంకో బస్సులో 19 మంది ప్రయాణికులు పోయారు. అంత మంట ముందు కిలో డబ్బా ఏమీ చెయ్యలేదు. అక్కడ కావలసింది బయటపడే దారి. కిలో డబ్బా పనిచేసేది మంట చిన్నగా ఉన్న మొదటి నిమిషంలోనే, అదీ పది సెకన్లు అటూ ఇటూ. ఆ మొదటి నిమిషం ఆ రోజు నా చేతిలోనే ఉండె. సూట్‌కేసులు జరపడానికి అయిపోయింది.

ఇది చదివాక పార్కింగ్‌లోకి వెళ్ళి మీ డబ్బా ఒకసారి తలకిందులు చెయ్యండి. లోపల పొడి జారిన చప్పుడు రాకపోతే ముల్లు ఎక్కడున్నా లెక్కలేదు.