అట్టముక్కల అంగడి

ఒకనాడు భోజనాల దగ్గర మా అబ్బాయి, “అమ్మా, నేను కొట్టు పెడదామనుకుంటున్నాను” అన్నాడు. డిగ్రీ అయి ఏడాదిగా ఖాళీగా ఉన్నవాడు కదా, సంతోషించాను. “కార్డులమ్మే కొట్టు” అన్నాడు. శుభలేఖలు కాబోలనుకున్నాను. తీరా చూస్తే పోకెమాన్ బొమ్మలట! పిల్లలు కొనుక్కుని, ఆడుకుని, ఒకళ్ళతో ఒకళ్ళు మార్చుకునేవి.

మజ్జిగన్నం కలుపుతున్న మావారి చెయ్యి ఆగిపోయింది. “అట్టముక్కలమ్మడానికి అద్దె కట్టి మరీ కొట్టా?” అన్నారు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. అర్థంకానిదేదైనా ఎదురైతే దాని పుట్టిల్లు ఎక్కడా అని వెతకడం నాకలవాటు. ఈ బొమ్మల పుట్టిల్లు, నమ్ముతారో లేదో, సిగరెట్ పెట్టె.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో సిగరెట్లు పల్చటి కాయితప్పొట్లాల్లో వచ్చేవి. జేబులో నలిగిపోకుండా లోపలో అట్టముక్క పెట్టేవారు. ఉత్త అట్ట ఎందుకు, దానిమీద బొమ్మ అచ్చేస్తే పోలా అనుకున్నారు వ్యాపారులు. 1880లలో అమెరికాలో, రిచ్మండ్ నగరంలోని ఆలెన్ అండ్ గింటర్ లాంటి కంపెనీలు నటీమణులు, ఆటగాళ్ళు, పక్షులు, జెండాలు – ఇలా వరసలు వరసలుగా వేశాయి. ఇంగ్లండులో విల్స్ వాళ్ళూ అందుకున్నారు. పాతికో, యాభయ్యో కలిస్తే ఒక సెట్టు. వెనకవైపు ఆ బొమ్మ గురించి నాలుగు ముక్కలు. పుస్తకాలు కొనలేని ఇళ్ళల్లో పిల్లలకి అదే విజ్ఞాన సర్వస్వం. పొగ తండ్రిది, బొమ్మ పిల్లాడిది! తండ్రి తాగేవి చాలకపోతే, దుకాణాల ముందు నిలబడి దారినపోయే పెద్దమనుషుల్ని బొమ్మలడిగేవారట.

అసలు కిటుకల్లా ఏమిటంటే, ఏ పెట్టెలో ఏ బొమ్మ ఉందో తెరిస్తేగాని తెలియదు. నలభై ఎనిమిది దొరికి రెండు దొరక్కపోతే, ఆ రెండింటికోసం ఎన్ని పెట్టెలు కొనాలో దేవుడికెరుక.

ఈ బాధ నాకు తెలుసు. 1980ల చివర్లో, నా చిన్నప్పుడు, బబుల్ గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలొచ్చేవి. నాకు ఒక్క వికెట్ కీపర్ తక్కువ. వాడి కోసం అమ్మ పోపులడబ్బాలో దాచుకున్న చిల్లర పది రోజులపాటు తీశాను. గమ్ నమిలి దవడలు నొప్పెట్టాయిగానీ కీపర్ రాలేదు. అమ్మకి మాత్రం తెలిసిపోయింది. కొట్టలేదు. పోపులడబ్బా పై అలమరలోకి మార్చేసింది, అంతే. అది కొట్టినదానికన్నా ఎక్కువ తగిలింది.

ఇదిగో, ఈ ఆరాటంలోంచే కొట్టు పుట్టింది. 1927లో కల్నల్ చార్లెస్ లేన్ బాగ్నల్ అనే ఆయన లండన్ సిగరెట్ కార్డ్ కంపెనీ అని ఒకటి పెట్టాడు. ఆయన చేసింది చిన్న పనే. ఊరికే వచ్చిన బొమ్మలకి ధరల పట్టిక వేశాడు. సెట్టు కావాలంటే సెట్టు, విడిగా ఒక్కటే కావాలంటే ఒక్కటే. ఇక ఆ ఒక్క బొమ్మకోసం ఇంటాయన మరో పది పెట్టెలు కాల్చనక్కర్లేదు! 1940లో యుద్ధం మూలాన కాయితం కరువై, బ్రిటన్‌లో సిగరెట్ పెట్టెల్లో బొమ్మలు ఆగిపోయాయి. కల్నల్ గారి కొట్టు మాత్రం ఆగలేదు. అది అమ్మేది కొత్త పొట్లాలు కాదు కదా, తక్కువైన బొమ్మలాయె!

అమెరికాలో టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ బొమ్మలు అమ్ముడుపోక మిగిలితే, 1960లో పడవకెత్తి సముద్రంలో పారబోశారు. ఆ ఏటి మికీ మాంటిల్ బొమ్మ ఒకటి 2022లో కోటీ ఇరవయ్యారు లక్షల డాలర్లు పలికింది.

అది వినగానే మావాడి కళ్ళు మెరిశాయి. “ఆగరా, మిగతాదీ విను” అన్నాను. ఇలాంటి ధరలు చూసి 1980లలో జనం బొమ్మలు దాచడం మొదలెట్టారు. కంపెనీలు కొండలకొద్దీ అచ్చేశాయి. అందరింటా ఉన్నదానికి విలువెక్కడిది? దానికితోడు 1994లో ఆటగాళ్ళ సమ్మె. వేలాది కొట్లు మూతపడ్డాయి. నిలిచినవాటిలో చాలావాటిని 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ‘మ్యాజిక్’ లాంటి ఆటలు ఆదుకున్నాయి. కొట్లో నాలుగు బల్లలు వేసి, కూర్చుని ఆడుకోండర్రా అన్నవాడు బతికాడు. 1996లో జపానులో పుట్టిన మావాడి పోకెమాన్ కార్డులూ ఆ దారినే వచ్చాయి.

చివరికి నా దగ్గరున్న కొద్దిపాటి డబ్బూ ఇస్తానన్నాను, ఒక్క షరతు మీద. “మూసిన పొట్లాలు అమ్మొద్దనను. కానీ గల్లాపెట్టె పక్కనే విడిబొమ్మల పెట్టె ఉండాలి. ప్రతిదానిమీదా ధర రాసుండాలి. ఏ పిల్లాడైనా ఒకే బొమ్మకోసం అయిదో పొట్లం అడిగితే, ముందు ఆ పెట్టె చూపించు.”

“అలాగైతే లాభమేముంటుందోయ్?” అన్నారు మావారు.

“కల్నల్ గారికి ఉందిగా!” అన్నాను.

మావాడు నవ్వి, “నీకేం కావాలమ్మా?” అన్నాడు. బోణీ బేరం నాదేనని చెప్పాను. ఎక్కడున్నా సరే, ఆ వికెట్ కీపర్ బొమ్మ తెప్పించాలి. ఈసారి డబ్బులు నావే.