దూరపాఠానికి ఏ మార్గం మేలు?

కోయంబత్తూరు సమీపాన ఎట్టిమడైలో ప్రాంగణం గల అమృత విశ్వవిద్యాపీఠం రెండు మార్గాలనూ అనుసరించింది. తొలుత, 2004లో ఇస్రో ప్రయోగించిన ఎడ్యుశాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది; తరువాత అంతర్జాలంపై నడిచే ఏ-వ్యూను తానే రూపొందించింది. అట్టి ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండుటచే ప్రశ్నకు బదులు అర సెకను ఆలస్యంగా వస్తుంది. ఉపన్యాసానికి ఫరవాలేదు, చర్చకు ఇబ్బందే.

అంతర్జాలంలో ఆలస్యం స్వల్పం. అయితే సిగ్నలు నిలకడగా ఉండాలి. అన్నూరు పరిసర పల్లెలలో మొబైలు ఫోనుపై పాఠం వినే తెలుగు విద్యార్థికి బొమ్మ నిలిచినా నష్టం స్వల్పం, మాట తెగితే పాఠమే పోతుంది. కనుక పరీక్షించవలసినది విశ్వవిద్యాలయ సభామందిరంలో కాదు, ఆ పల్లెలో. జూమ్ ఉచిత సమావేశం 40 నిమిషాలకే ముగుస్తుంది. బిగ్‌బ్లూబటన్‌కు రుసుము లేదు గాని సొంత సర్వరు, దానిని కనిపెట్టుకొని ఉండే మనిషి కావాలి. ఆ మనిషి జీతాన్ని లెక్కలో చేర్చడం తరచు మరచిపోతారు.