వనరు, నిల్వ, వాగ్దానం: కృష్ణా–గోదావరి వాయువు అంచనాలు – పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం

భూగర్భ ఇంధనాల లెక్కలో ‘వనరు’, ‘నిల్వ’ అనే మాటలు సమానార్థకాలు కావు. ఉండవచ్చునని శాస్త్రం ఊహించేది వనరు. బావి తవ్వి నిర్ధారించి, లాభసాటిగా వెలికితీయగలిగేది నిల్వ. ఈ భేదాన్ని విస్మరిస్తే కలిగే నష్టానికి కృష్ణా–గోదావరి బేసిన్ చరిత్ర నిదర్శనం.

అమెరికా భూవిజ్ఞాన సర్వే 2008లో ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఇంకా కనుగొనని చమురు 9,000 కోట్ల పీపాలు, సహజవాయువు 1,669 లక్షల కోట్ల ఘనపుటడుగులు ఉండవచ్చునని అంచనా వేసింది. అక్కడ తవ్విన బావులు స్వల్పం. కనుక అవక్షేప శిలలను ప్రపంచంలోని పరిచిత బేసిన్లతో పోల్చి, సంభావ్యతా పద్ధతిలో సగటును నిర్ణయించారు. వెలికితీత వ్యయాన్ని పరిగణించలేదని ఆ సర్వేయే స్పష్టం చేసింది.

కృష్ణా–గోదావరి లోతు జలాల్లోని డి6 క్షేత్రంలో 2002లో వాయువు బయటపడింది. అంటే అది ఊహాదశను దాటింది. పరిమాణంలోని అనిశ్చితి మాత్రం తొలగలేదు. 2004 నాటి ప్రణాళిక రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తిని ఉద్దేశించగా, 2006 నాటి సవరణ దానిని 8 కోట్లకు పెంచింది. 2009 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఉత్పత్తి 2010లో 6 కోట్లు దాటి, ఆపై క్షీణించింది. ప్రధాన క్షేత్రాల నిల్వను తరువాత సుమారు మూడో వంతుకు కుదించారు. భూగర్భ నిర్మాణ సంక్లిష్టతే కారణమని నిర్వాహక సంస్థ వాదించగా, అనుకున్నన్ని బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వ పక్షం వాదించింది. అదే బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ రంగ సంస్థ 2005లో ప్రకటించిన 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు, అభివృద్ధి ప్రణాళిక ఆమోదం నాటికి సుమారు 2 లక్షల కోట్లయ్యాయి.

ఈ అంకెలను నమ్మి గోదావరి తీరాన నిలిచిన విద్యుత్కేంద్రాలు 2013 మార్చి నుంచి డి6 వాయువుకు నోచుకోలేదు. వర్షాభావం, ఇతర కారణాలతో పాటు ఈ వాయు కొరత కూడా 2012–13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘పవర్ హాలిడే’లకు దారితీసింది. పటాన్‌చెరు, బొల్లారం వంటి చోట్ల చిన్న పరిశ్రమలకు యంత్రాలు ఆగిన రోజుకు ఉత్పత్తి లేదు. అప్పుపై వడ్డీ మాత్రం ఆగలేదు. ఆ పక్కనే రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం చమురు తవ్వే రిగ్గులనూ, గ్యాస్ టర్బైన్లనూ తయారుచేస్తుంది. వాయువును వెదికే యంత్రమూ, దానిని మండించే యంత్రమూ ఒకే ఆవరణలో తయారయ్యే ఈ ప్రాంతానికి వాటి నడుమ ఉండే అనిశ్చితి దూరపు విషయం కాదు.

కనుక ఇంధన చరిత్ర అధ్యయనంలో అంచనా ఎంత అన్న ప్రశ్నతో ఆగరాదు. దాని కనిష్ఠ, గరిష్ఠ పరిమితులేమిటి, ఏ దశలో అది వాగ్దానమైంది, అది తప్పినప్పుడు భారం ఎవరిపై పడింది అన్నవి కూడా పరిశీలనాంశాలు కావాలి. డి6 విషయంలో ఆ భారంలో కొంత, అంచనా రూపకల్పనలో ఏ పాత్రా లేని పారిశ్రామిక వాడలపై పడింది.